సాల్మన్ జన: ఇంట్లో ఉప్పు పట్టించే పద్ధతి

సాల్మన్ జన అంటే సాల్మన్ జాతి ఆడచేప కడుపులోని గుడ్లు. చేపగుడ్లను కోస్తా జిల్లాల్లో జన అంటారు. శెన, సొన అనే మాటలూ వాడుకలో ఉన్నాయి. తెలుగిళ్లలో జనకు ఉప్పు, కారం, పసుపు పట్టించి వేపుతారు, లేదా పులుసులో వేస్తారు. గోదావరికి ఎదురీదే పులస జనకు ఉన్న గిరాకీ అందరికీ తెలిసిందే. పులసలాగే పసిఫిక్ సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటిలోకి ఎక్కుతుంది. రెండింటి జనకూ తేడా వంటలో ఉంది. జపాన్‌లోని హొక్కైడోలో, రష్యా తూర్పు తీరంలో సాల్మన్ జనను సాధారణంగా పొయ్యి ఎక్కించరు. గుడ్లు విడదీసి ఉప్పునీటిలోనో సోయా సాస్‌లోనో కాసేపు ఉంచి పచ్చిగానే తింటారు. దీన్ని తెలుగులో ఊరవేయడం అనేస్తే చదివేవారికి ఏడాదిపాటు చెడని ఆవకాయ జాడీ గుర్తొస్తుంది. ఈ మాట వల్ల వచ్చే పొరపాటు చిన్నది కాదు. ఇంటి పద్ధతిలో ఉప్పు రుచికి, గుడ్డు బిగువుకు మాత్రమే పనికొస్తుంది. సరుకును నిలిపేది చలి. అందుకే ఈ వ్యాసంలో ఊరవేయడం అనకుండా ఉప్పు పట్టించడం అంటున్నాం.

ఈ తేడా చరిత్రలోనూ కనిపిస్తుంది. జపాన్ రాజాస్థానపు విధివిధానాల సంకలనం 'ఎంగిషికి' 927లో పూర్తయింది. రాష్ట్రాల నుంచి కప్పంగా రావలసిన సరుకుల్లో సాల్మన్‌తో పాటు దాని జనను కూడా అది పేర్కొంది. రాజధానికి చేరడానికి రోజుల తరబడి ప్రయాణం చేయాల్సిన సరుకు కాబట్టి అది గట్టిగా ఉప్పు వేసినదో ఎండినదో అయి ఉండాలి. గుడ్లు విడదీయకుండా పొరతో సహా ఉప్పులో వేసే 'సుజికో' ఆ పాత దారిదే. హొక్కైడో ఆదివాసులైన ఐనూలు జనను 'చిపొర్' అంటారు. దాన్ని గంజిలో వేసి కాస్తారు, ఎండబెట్టి దాచుకుంటారు. విడివిడి గుడ్లకు జపనీయులు వాడే 'ఇకురా' అనే మాట మాత్రం రష్యన్ 'ఇక్రా' నుంచి వచ్చింది. రష్యన్‌లో ఆ మాట ఏ చేప గుడ్లకైనా వర్తిస్తుంది. అది జపాన్‌కు ఎప్పుడు చేరిందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. 1904–05 యుద్ధంలో బందీలైన రష్యన్లు స్టర్జన్ కేవియార్‌కు బదులుగా సాల్మన్ గుడ్లకు ఉప్పు పట్టించుకున్నారని, అక్కడి నుంచి పేరు నిలిచిందని ఒక కథనం. యుద్ధం తర్వాత దక్షిణ సఖలీన్ జపాన్ ఏలుబడిలోకి రావడం, 1907 మత్స్య ఒప్పందంతో జపాన్ జాలర్లు రష్యా తీరాల్లో చేపలు పట్టడం వల్ల మాటా పనితనమూ కలిసి వచ్చాయని మరో కథనం. రెండోదే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. మాట ఒక్కటే అయితే బందీల శిబిరం నుంచి రావచ్చు. గుడ్లు విడదీసే పనితనం చేతికి రావాలంటే ఏటేటా పక్కపక్కన పనిచేయాలి.

జపాన్ ఇళ్లలో ఎక్కువగా వాడేది చమ్ సాల్మన్ జన. ఈ చేప శాస్త్రీయ నామం ఆంకోరింకస్ కీటా. దీని గుడ్డు శనగగింజంత ఉంటుంది. సాకై సాల్మన్ గుడ్డు అంతకన్నా చిన్నది. నారింజ ఎరుపు రంగు అస్టాజాంతిన్ అనే వర్ణకం వల్ల వస్తుంది. ఫలితం ఎలా ఉంటుందన్నది వంటవాడి చేతికన్నా చేపను ఏ దశలో పట్టారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. చేప ఇంకా సముద్రంలో ఉండగా పడితే గుడ్లు పొరకు గట్టిగా అంటుకుని, చర్మం పలచగా ఉంటాయి. ఏటిని సమీపించే కొద్దీ పొర వదులవుతుంది, గుడ్డు చర్మం గట్టిపడుతుంది. బాగా ముదిరిన గుడ్డు నోట్లో చితకదు. హొక్కైడోలో దాన్ని పింగ్‌పాంగ్ బంతి అంటారు. ఎంత సోయా పోసినా, ఎన్ని గంటలు ఉంచినా ఆ చర్మం మెత్తబడదు. ఉప్పు వేయని, పొరతో ఉన్న పచ్చి సుజికో అంగళ్లలో సెప్టెంబరు, అక్టోబరుల్లో కనిపిస్తుంది. తొలి సరుకు కోసం ఇల్లాళ్లు ఎదురుచూడటానికి కారణం ఇదే.

పని మొత్తంలో కష్టమైనది విడదీయడమే. వెచ్చని నీటిలో లీటరుకు 30 గ్రాముల లెక్కన ఉప్పు కరిగిస్తారు. ఇది సుమారు 3 శాతం, సముద్రపు నీటికి కొంచెం తక్కువ. నీరు 40 డిగ్రీల దగ్గర ఉండాలని ఎక్కువమంది చెబుతారు. అంతకన్నా చాలా వేడి నీరు వాడే ఇళ్లూ ఉన్నాయి. జనను అందులో వేసి పొరను వేళ్లతో విప్పుతారు. వేడికి పొర ముడుచుకుని గుడ్లను వదిలేస్తుంది. కొందరు వెడల్పు కన్నాల జాలీ మీద జనను మెల్లగా రుద్దుతారు. పాత బ్యాడ్మింటన్ రాకెట్ కూడా ఈ పనికి వాడతారు. గుడ్లు కన్నాల్లోంచి జారి కింద పడతాయి, పొర పైన మిగులుతుంది. తర్వాత ఉప్పునీటిని మూడు నాలుగుసార్లు మార్చి కడిగి, తేలిన పొరముక్కలు, నెత్తుటి నరాలు, చితికిన గుడ్ల తొక్కలు ఏరేస్తారు. ఈ దశలో గుడ్లు పాలిపోయి తెల్లగా మబ్బుపట్టినట్టు కనిపిస్తాయి. మొదటిసారి చేసేవారు ఉడికిపోయాయని కంగారుపడి పారేస్తుంటారు. పారేయనక్కర్లేదు. గుడ్డు సొనలోని గ్లోబ్యులిన్ ప్రొటీన్లు ఉప్పు ఉన్నచోట కరుగుతాయి, ఉప్పు పలచబడితే తెల్లగా విడిపోతాయి. చితికిన గుడ్ల సొన మిగతావాటి మీద ఇలాగే తెల్లటి పూతలా పడుతుంది. ఉప్పో సోయానో తగలగానే ఆ మబ్బు కరిగి, గుడ్డు మళ్లీ అద్దంలా మెరుస్తుంది. కడగడానికి మంచినీరు కాకుండా ఉప్పునీరే ఎందుకు వాడతారో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది.

కడిగిన గుడ్లను జల్లెడలో వేసి అరగంట పైగా నీరు ఓడ్చాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత పోసే సోయా పలచనైపోతుంది. సోయా, సాకే అనే బియ్యపు సారా, మిరిన్ అనే తియ్యటి వంట సారా కలిపి ఒక పొంగు రానిచ్చి, సారా వాసన పోయాక పూర్తిగా చల్లార్చి గుడ్ల మీద పోస్తారు. పాళ్లు ఇంటికో తీరు. ఫ్రిజ్‌లో కొన్ని గంటల నుంచి ఒక రాత్రి వరకు ఉంచితే గుడ్లు రసం పీల్చి ఉబ్బుతాయి. రష్యా ఇళ్లలో మరిగించి చల్లార్చిన చిక్కటి ఉప్పునీరు వాడతారు. గుడ్లు అందులో ఉండేది కొద్ది నిమిషాలే. అందుకే ఆ పద్ధతికి 'ప్యాతిమినూత్కా' అని పేరు, అంటే అయిదు నిమిషాలది. ఉప్పునీటి చిక్కదనం చూడటానికి పచ్చి బంగాళాదుంప వేసి, తేలితే నీటికి ఇక ఉప్పు పట్టదని చెబుతారు. ఈ గుర్తు నిలవదు. బంగాళాదుంప సాంద్రత నీటికన్నా ఆరు నుంచి పది శాతం ఎక్కువ. కాబట్టి 10–12 శాతం ఉప్పునీటిలోనే అది సాధారణంగా తేలిపోతుంది. నీరు నిజంగా పట్టగలిగే ఉప్పు సుమారు 26 శాతం. దుంప తేలిందని పూర్తి చిక్కదనం వచ్చిందనుకునేవారు అందులో సగం కూడా లేని నీటిలో పని చేస్తున్నారన్నమాట. రుచికి దీనివల్ల నష్టం లేదు. ఉప్పు ఉందన్న ధీమాతో జనను బయట పెడితేనే నష్టం.

ఉప్పు ఏ సరుకునైనా కాపాడుతుంది కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. తెలుగు వంటింటి అనుభవం అదే చెబుతుంది. ఉప్పుచేప నెలలు నిలుస్తుంది, ఆవకాయ ఏడాది నిలుస్తుంది. అయితే ఉప్పుచేపలో ఉప్పుతో పాటు ఎండ ఉంది. ఆవకాయలో ఉప్పుతో పాటు పులుపు, నూనె ఉన్నాయి. సాల్మన్ జనలో ఎండా లేదు, పులుపూ లేదు. తినడానికి ఇంపుగా ఉండే కొద్దిపాటి ఉప్పు మాత్రమే ఉంది. జలచరాల్లో ఎక్కువగా కనిపించే ఇ రకం బొటులినం బాక్టీరియా 3.3 డిగ్రీల చలిలోనూ పెరగగలదు. దాన్ని ఉప్పుతోనే ఆపాలంటే సరుకులోని నీటిలో 5 శాతం ఉప్పు ఉండాలి. గాలి తగలని చోట అది విషం తయారుచేస్తుంది. అలాస్కా ఆదివాసుల్లో సాల్మన్ తలలను, గుడ్లను పులియబెట్టి తినే ఆచారం ఉంది. గడ్డి పరిచిన గుంటల బదులు మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలు వాడటం మొదలయ్యాక ఆ విషం వల్ల వచ్చే బొటులిజం జబ్బు ముప్పు పెరిగిందని ప్రజారోగ్య నివేదికలు చెబుతున్నాయి. గుడ్లు అంటుకోకుండా పైన నూనె పోసే అలవాటు రష్యా ఇళ్లలో ఉంది. ఊరగాయ మీద నూనె తేలేలా పోయడం మనకూ అలవాటే. మామిడికాయ పులుపు ఉన్నచోట ఆ నూనె రక్షణ. పులుపు లేని జన మీద పోసి బయట ఉంచితే అదే నూనె గాలిని మూసేసి ఆ బాక్టీరియాకు మేలు చేస్తుంది. ఉప్పు ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా నేరుగా కనిపించే సాక్ష్యం 1998లో వచ్చింది. ఆ ఏడాది జపాన్‌లో ఉప్పు పట్టించిన సాల్మన్ జన తిన్నవారిలో ఇ. కోలి ఓ157 వ్యాధి ప్రబలింది. ఆ బాక్టీరియా ఉప్పులో చావకుండా ఎలా నిలిచిందన్నదే తర్వాత పరిశోధకులకు ప్రశ్న అయింది.

పురుగుల సంగతి వేరు. అనిసాకిస్ అనే దారప్పురుగు పిల్లలు సాల్మన్ పేగుల మీద, పొట్ట కండలో ఉంటాయి, జన పొరను అంటుకునీ ఉండవచ్చు. ఉప్పు, సోయా, వినిగర్, వసాబీ వంటకంలో వేసే మోతాదులో వాటిని చంపవని జపాన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ హెచ్చరిస్తోంది. వేడినీటిలో కడుగుతున్నాం కదా అనేవారున్నారు. ఆ పురుగు చావాలంటే 60 డిగ్రీల వేడి ఒక నిమిషం పాటు తగలాలి. 40 డిగ్రీల నీరు పొరను విప్పడానికే చాలుతుంది. విడదీసి కడిగేటప్పుడు కంటికి కనిపించిన పురుగును తీసేయవచ్చు గానీ ఆ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. మైనస్ 20 డిగ్రీల దగ్గర 24 గంటలు గడ్డకట్టించడం జపాన్ ప్రమాణం. అమెరికా ఆహార ఔషధ సంస్థ అదే చలిలో ఏడు రోజులు అంటుంది. ఇంటి ఫ్రిజ్ పై అర నిజంగా అంత చలికి చేరితేనే ఈ లెక్కలు పనికొస్తాయి, అప్పుడూ రెండో లెక్కే పాటించడం మేలు. గడ్డకడితే గుడ్డు పాడవుతుందన్న అభ్యంతరం పొరతో ఉన్న పచ్చి జన విషయంలో కొంతవరకు నిజమే. ఉప్పో సోయానో పట్టించిన గుడ్డు గడ్డకట్టడాన్ని బాగానే తట్టుకుంటుంది. అంగళ్లలో అమ్మే సరుకులో చాలాభాగం అలా వచ్చిందే. అయితే గడ్డకట్టించడం పురుగును చంపుతుంది గానీ బాక్టీరియాను చంపదు. చేతులు, గిన్నెలు, జాలీ శుభ్రంగా ఉంచుకోవడానికి ప్రత్యామ్నాయం లేదు.

అమెరికా పశ్చిమ తీరంలో సాల్మన్ గుడ్లకు ఉప్పు పట్టించే మరో పని కూడా ఉంది. అది గాలానికి ఎర తయారీ. అందులో బొరాక్స్, సోడియం సల్ఫైట్, రంగులు కలుపుతారు. సల్ఫైట్ ఉన్న ఎర గుడ్లు తిని సాల్మన్ పిల్లలు చనిపోతున్నట్టు ఒరెగన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. ఆ పొడులు, ఆ పాళ్లు మనుషుల తిండికి పనికిరావు. ఇంగ్లిషులో రెండు పనులకూ 'క్యూరింగ్' అనే ఒకే పేరు వాడటం వల్ల తయారీ విధానాలు కలగాపులగం అవుతుంటాయి. కాబట్టి సియాటిల్ వంటి చోట్ల ఉంటూ మొదటిసారి సాల్మన్ జన కొనే తెలుగువారు తమ చేతిలోని విధానం తిండికా ఎరకా అన్నది ముందే చూసుకోవాలి. గర్భిణులు, పసిపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చి జన తినకూడదు. వారికి మన వేపుడే సరైనది. మిగతావారు ఇంట్లో ఉప్పు పట్టించిన జనను పైన చెప్పినట్టు గడ్డకట్టించి, కరిగించాక ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయాలి. అంతకు మించి దాచదలిస్తే కరిగించకుండా గడ్డకట్టిన స్థితిలోనే ఉంచాలి.