ఒంటి లైను మీద ఇనుప గుండు

అనకాపల్లికి రైలు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే కాలంలో వచ్చింది. కటక్ నుంచి బెజవాడ దాకా ఆ మార్గం 1893–96 మధ్య విడతలుగా తెరుచుకుంది. వాల్తేరు నుంచి బెజవాడ వరకు ఉన్న భాగం 1901లో మద్రాసు రైల్వే చేతికి వెళ్లింది. అనకాపల్లి బెల్లం దిమ్మలకు దూరపు బజార్లు దగ్గరయ్యాయి.

అప్పట్లో అది ఒంటి లైను. విశాఖ వైపు వెళ్లే బండికీ, తుని వైపు వెళ్లే బండికీ అవే పట్టాలు. పక్క స్టేషన్‌ను తంతి మీద అడిగి, అక్కడి మాస్టరు ఒప్పుకున్నాకే ఇక్కడ బండి కదలాలి. ఆ అనుమతి పేరే 'లైన్ క్లియర్'.

రెక్క సిగ్నల్, అంటే సెమాఫోర్, ఆ అనుమతిని డ్రైవరుకు దూరం నుంచే చూపేది. రెక్క అడ్డంగా ఉంటే ఆగాలి, వాలితే వెళ్లాలి. 1876లో ఇంగ్లండులోని అబాట్స్ రిప్టన్ దగ్గర మంచు పేరుకుని రెక్కలు వాలినచోటే బిగుసుకుపోయాయి. వాటిని నమ్మి వచ్చిన ఎక్స్‌ప్రెస్ బొగ్గు బండిని గుద్దింది. సిగ్నల్ మామూలుగా 'ఆగు' మీదే ఉండాలన్న పట్టుదల ఆ ప్రమాదం తర్వాతే బలపడింది. తీగ తెగినా బరువు రెక్కను అడ్డంగా నిలిపేలా కట్టడం ఆ జాగ్రత్తలో భాగమే.

భారత రైల్వేల ఒంటి లైన్లలో ఇంతకంటే గట్టి కట్టుబాటు నీల్ బాల్ టోకెన్ యంత్రం. రెండు స్టేషన్లలో రెండు యంత్రాలు, మధ్య విద్యుత్ లంకె. అవతలి మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతల ఇనుప గుండు బయటికొస్తుంది. ఒకటి బయట ఉండగా రెండోది ఏ వైపునా రాదు. గుండును సంచిలో పెట్టి, బెత్తపు రింగుకు తగిలించి డ్రైవరుకు అందించేవారు. ఏ సెక్షన్‌దో గుండు మీదే చెక్కి ఉంటుంది. పక్క సెక్షన్ యంత్రంలో అది పట్టదు కూడా. పేరూ, పనీ ఒకే ఇనుములో ఇమిడి ఉండటం చాలా తెలివైన ఏర్పాటు.

1960ల తొలినాళ్లలో హాలండు కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా, ఒకే వనరు కోసం పోటీపడే ప్రోగ్రాముల చిక్కు విప్పడానికి రైల్వే నుంచే 'సెమాఫోర్' అనే పేరు తీసుకున్నాడు. ఆయన సెమాఫోర్ ఒక సంఖ్య. దాన్ని చూడటం, తగ్గించడం విడదీయరాని ఒకే పనిగా జరగాలి. రెంటి మధ్య ఇంకొకరు దూరితే ఒంటి లైను మీద ఎదురెదురుగా రెండు బళ్లు వచ్చినట్టే. సున్నా ఉంటే ప్రోగ్రాము ప్రాసెసరును తినకుండా నిద్రపోవాలి.

ఆ సంఖ్యను తగ్గించే, పెంచే పనులకు ఆయన పెట్టిన పి, వి అక్షరాలు డచ్చి రానివారికి ఏమీ చెప్పవు. లైనక్స్‌లోని డౌన్, అప్ సంఖ్య సంగతే చెబుతాయి. పాజిక్స్ ప్రమాణం వాడే వెయిట్, పోస్ట్ మెరుగు: ఎవరు ఆగుతారో, ఎవరు కబురందిస్తారో వాటిలో తెలుస్తుంది. మూడు లూప్ లైన్ల స్టేషన్ లాంటి చోట లెక్కపెట్టే సెమాఫోర్ కావాలి. ఒక్కరే పట్టుకుని, ఆ ఒక్కరే విడవాల్సిన తాళం వేరు, దానికి వేరే పేరే ఉండాలి. లైనక్స్ కెర్నెల్ 2006లో అలాంటి తాళాన్ని మ్యూటెక్స్ పేరుతో విడిగా తెచ్చి మంచి పని చేసింది.

తాళం పట్టుకున్న ప్రోగ్రామే చచ్చిపోతే? సిస్టమ్ ఫైవ్ యునిక్స్ సెమాఫోర్లలో, ముందే కోరి ఉంటే, అది చేసిన మార్పును కెర్నెల్ వెనక్కి తిప్పుతుంది. పాజిక్స్ సెమాఫోర్లకు ఆ సదుపాయం లేదు. 2008 ప్రమాణం 'రోబస్ట్' మ్యూటెక్స్‌లకు మాత్రం, పట్టుకున్నది చచ్చిపోయిందని తర్వాత పట్టుకునేవారికి తెలిపే ఏర్పాటు ఇచ్చింది. తీగ తెగితే ఏమవ్వాలో ముందే తేల్చిన రైల్వేవారి పట్టింపు పాజిక్స్ సెమాఫోర్లకూ దక్కాల్సింది.