256 కేబీ మెమరీతో ఇన్ని పనులా? అమీగా 1000 కథ

పాట వింటూనే రీల్ ఎడిట్ చేస్తాం, మధ్యలో మెసేజ్ వస్తే చూసేస్తాం. ఇలా ఒకేసారి బొమ్మ, శబ్దం, నాలుగు పనులు నడపడం 1985లోనే చేసి చూపించిన ఇంటి కంప్యూటర్ ఒకటుంది. అదే కమడోర్ అమీగా 1000.

అప్పటి పరిస్థితి చూడండి. మెకింతాష్ స్క్రీన్ నలుపు, తెలుపు మాత్రమే. ఐబీఎం పీసీలో మామూలు సీజీఏ కార్డుంటే బొమ్మల్లో నాలుగే రంగులు, శబ్దమంటే బీప్! అమీగా మాత్రం ఒక ప్రత్యేక మోడ్‌లో 4096 రంగులు చూపించేది, నాలుగు ఛానెళ్ల స్టీరియో సౌండ్ ఇచ్చేది. మెమరీ ఎంత? 256 కేబీ. మీ ఫోన్ కెమెరా తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.

మరి ఎలా కుదిరింది? పెళ్ళి వంట గుర్తుచేసుకోండి. అన్నం, కూరలు, వడ్డన అన్నీ ఒక్కడే చూసుకుంటే విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు ఎదురుచూడాల్సిందే. జే మైనర్ టీమ్ పనులు పంచేసింది. మెయిన్ ప్రాసెసర్ మోటరోలా 68000, వేగం సుమారు 7 మెగాహెర్ట్జ్. దానికి తోడు మూడు చిప్‌లు. మెమరీ పంపకం, బొమ్మలను చకచకా కదపడం ఆగ్నస్ పని. తెరమీద చూపించడం డెనీస్ పని. శబ్దం పావులా పని. ఒక ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ని పట్టుకుని కూర్చుంటే, ఆపరేటింగ్ సిస్టమ్ లాక్కుని ఇంకోదానికి ఇచ్చేది. లోపం కూడా చెప్పాలి: మెమరీకి రక్షణ లేదు, ఒక ప్రోగ్రామ్ పాడైతే మొత్తం మెషీనే ఆగిపోవచ్చు. అప్పుడు తెరమీద వచ్చే మెసేజ్ పేరు "గురు మెడిటేషన్"!

1985 జూలై 23న న్యూయార్క్‌లో లాంచ్. స్టేజీ మీదే ఆండీ వార్హోల్ గాయని డెబ్బీ హ్యారీ బొమ్మను అమీగాపై రంగుల్లో వేశాడు. ధర 1295 డాలర్లు, మానిటర్ వేరే.

ఇంత గొప్ప మెషీన్ ఎందుకు ఓడిపోయింది? 1987లో పీసీలకు వీజీఏ వచ్చింది, తర్వాత సౌండ్ కార్డులొచ్చాయి. అమీగాలో గ్రాఫిక్స్ పెద్దగా మారింది 1992లోనే. 1994లో కమడోర్ మూతపడింది. నా లెక్కలో ముందు పుట్టడం గొప్పే కానీ, ముందే ఉండటం వేరే పని.

ఆ ఆలోచన మాత్రం ఓడిపోలేదు. మీ ఫోన్ చిప్‌లో సీపీయూ, జీపీయూ, ఆడియో భాగాలు వేర్వేరుగానే ఉంటాయి. అవి అమీగా నుంచే వచ్చాయని నేననను. కానీ సామాన్యుడి ఇంట్లో ఆ దారి ఎంత బాగా పనిచేస్తుందో గట్టిగా చూపించింది ఇదే.