కంటి చుట్టూ పుట్టే లింఫోమా: సూక్ష్మదర్శిని కింద ఒక సందేహ చరిత్ర

కంటి గుంటలోనో, అశ్రు గ్రంథిలోనో, రెప్ప లోపలి పొరలోనో నొప్పి లేని గడ్డ ఒకటి నెమ్మదిగా పెరిగింది. అందులోంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే నిండా చిన్న లింఫోసైట్లు కనిపించాయి. ఇది వాపా, క్యాన్సరా? 1970ల వరకు చాలా సందర్భాల్లో దీనికి ఖచ్చితమైన జవాబు దొరకలేదు.

కారణం ఏమిటంటే, అప్పటి నిర్ధారణకు కణాల ఆకారమే ప్రధాన ఆధారం. హాడ్జ్‌కిన్ వ్యాధికి కార్ల్ స్టెర్న్‌బెర్గ్ 1898లో, డొరోతీ రీడ్ 1902లో వర్ణించిన పెద్ద కణం గుర్తుగా ఉండేది. కంటి చుట్టూ వచ్చే లింఫోమాల్లో ఎక్కువ భాగానికి అటువంటి గుర్తు లేదు. కణాలు చిన్నవి, కణవిభజన తక్కువ. మామూలు వాపులో ఉండే జెర్మినల్ సెంటర్లు వీటిలోనూ కనిపిస్తాయి. అందుకే వీటిలో చాలా వాటిని ‘సూడోలింఫోమా’, అంటే నకిలీ లింఫోమా అన్నారు. నా ఉద్దేశంలో ఆ పేరు వైద్యుల సందేహాన్ని కప్పిపుచ్చింది. హాని లేదని చెప్పి పంపిన రోగుల్లో కొందరికి తరువాత శరీరంలో మరోచోట లింఫోమా బయటపడేది.

దారి చూపినది యాంటీబాడీల పరిజ్ఞానం. ఒక్కో బి-లింఫోసైటు కప్పా, లాంబ్డా అనే రెండు తేలిక గొలుసుల్లో ఒకదానినే తయారుచేస్తుంది. వాపులో రెండు రకాల కణాలూ కలిసి ఉంటాయి. ఒకే కణం సంతతి అయితే అన్నిటిలోనూ ఒకే గొలుసు ఉంటుంది. ఈ గొలుసులకు రంగు పట్టించి చూసినప్పుడు ‘నకిలీ’ అనుకున్న గడ్డల్లో చాలా వరకు ఒకే సంతతివని తేలింది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ రూపొందించిన మోనోక్లోనల్ యాంటీబాడీలు ఇటువంటి పరీక్షలను ప్రయోగశాలల్లో సాధారణం చేశాయి.

1983లో బ్రిటన్‌కు చెందిన పీటర్ ఐజాక్సన్, డెనిస్ రైట్ జీర్ణాశయపు లింఫోమాలను పరిశీలించి ‘మాల్ట్’ లింఫోమాను వర్ణించారు. శ్లేష్మపొరలకు చెందిన లింఫ్ కణజాలం నుంచి పుట్టేది కాబట్టి ఆ పేరు. లేతరంగు కణద్రవ్యం, వంకరటింకర కేంద్రకం గల కణాలు జెర్మినల్ సెంటర్ల చుట్టూ వ్యాపించి, పక్కనున్న ఉపకళలోకి చొరబడి దానిని ఛిద్రం చేస్తాయి. కంటి దగ్గర ఈ చొరబాటు కంజంక్టివాలోనూ అశ్రు గ్రంథిలోనూ కనిపిస్తుంది. కంటి గుంటలోని కొవ్వులో ఉపకళ లేదు కనుక అక్కడ ఈ ఆనవాలు కోసం వెతకడం వృథా. విద్యార్థులు తరచు పొరపడే చోటు ఇదే.

1994 నాటి రియల్ వర్గీకరణ, 2001 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దీనిని మార్జినల్ జోన్ లింఫోమాలలో చేర్చాయి. 2004లో ఇటలీ పరిశోధకులు కంటి చుట్టూ వచ్చిన లింఫోమాల్లో క్లమీడియా సిట్టసీ బాక్టీరియా డి.ఎన్.ఎ.ను గుర్తించారు. డాక్సీసైక్లిన్ మందుతో కొందరి గడ్డలు తగ్గాయి కూడా. అయితే ఇతర దేశాల్లో జరిగిన పరీక్షల్లో ఆ బాక్టీరియా కొన్నిచోట్ల కనిపించింది, కొన్నిచోట్ల అసలే కనిపించలేదు.

తీసిన ముక్క మరీ చిన్నదైతే, గొలుసుల పరీక్ష తేలకపోతే, నేటికీ నివేదికలో ‘అసాధారణ లింఫాయిడ్ హైపర్‌ప్లేసియా’ అని రాసి రోగిని మళ్లీ రమ్మంటారు.