వీథిపై నధికార మెవరిది?

నేడు అమీర్‌పేటలో మెట్రో రైలెక్కినవాడు పంజగుట్ట, ఖైరతాబాదు, నాంపల్లి మీదుగా అరగంటలోపలనే కోఠి చేరును. 2018లో తెఱవబడిన యీ మార్గమున "నీ వెవరి యేలుబడిలోనివాడవు?" అని యాతని నడుగువారు లేరు. నూఱేండ్ల క్రిందటి సంగతి యిట్లు కాదు. అమీర్‌పేట పేరు పైగా వంశపు అమీరుల బిరుదమునుండి వచ్చినది. పైగా జాగీరులలో న్యాయస్థానములును, పోలీసును వారివే. దానికీవల నిజాము ప్రభుత్వపు పురపాలనము. కోఠి చేరినచో ఆంగ్లేయుల రెసిడెన్సీ బజారు. ఒక్క నగరమున నిన్ని యధికారములున్నపుడు పౌరుని బ్రతుకెట్లుండెనో తెలిసికొనుట నేటికిని ప్రయోజనకరము. ఏలనన, ఆ రెసిడెన్సీ ప్రాంగణమే నేడు స్త్రీల విశ్వవిద్యాలయమైనది. గోడకును వీథికిని గల సంబంధము మాత్రము ఇంకను తీరని ప్రశ్నగనే యున్నది.

19వ శతాబ్ది యారంభమున కిర్క్‌పాట్రిక్ అను రెసిడెంటు మూసీకి ఉత్తరపుటొడ్డున నీ భవనమును గట్టించెను. దానిచుట్టును వర్తకులు చేరిరి, బజారు పెరిగెను. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అలావుద్దీను నాయకులుగా రోహిల్లాలు రెసిడెన్సీపై బడినపుడు, వారు మాటు చేసికొన్నది గోడ కెదుటనున్న సాహుకారుల యిండ్లనే. ప్రక్కవీథి యెవరి చేతిలో నున్నదో భవనపు క్షేమమును వారి చేతిలోనే యున్నదని ఆనాడు స్పష్టమయ్యెను. పిమ్మట గోడలు బలపడెను, బురుజులు లేచెను. కాని ఆంగ్లేయాధికారము గోడతో నాగలేదు. బజారులోని నేరములను విచారించునది, వివాదములను దీర్చునది, వీథులను గాచునది రెసిడెంటు కొలువే. నిజాము రాజధాని నడుమ నిజాము శాసనము చెల్లని వీథు లేర్పడెను. ఆ వీథులలో గాపురమున్నవారు నిజాము నెన్నుకొనలేదు. రెసిడెంటు నంతకంటె నెన్నుకొనలేదు.

అయినను ఒక వింత జరిగెను. నిజాము రాజ్యమున సభ జరుపవలెనన్న ముందుగా ననుమతి గావలెను. గస్తీ నిషాన్ 53 అను నుత్తరువు తెలంగాణములోని సభాకర్తలకు సంకెలయై యుండెను. రెసిడెన్సీ బజారులో నిజాము నుత్తరువు చెల్లదు గనుక, అచ్చట మాటకు గొంత వెసులుబాటు దొరకెను. 1901లో రావిచెట్టు రంగారావుగారి యింట బుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పిమ్మట నీ ప్రాంతముననే స్థిరపడినది. ఆర్యసమాజమును నిచ్చటనే నెలకొన్నది. దీనినిబట్టి పరప్రభుత్వమును మెచ్చవలెనా? వలదు. రెండు బండల సందున మొక్క మొలచినచో ఆ ఘనత బండలది కాదు.

1933లో రెసిడెన్సీ బజారు నిజాము ప్రభుత్వమునకు దిరిగి వచ్చి సుల్తాన్ బజారను పేరొందెను. ఆ యేటనే చాదర్‌ఘాటు పురపాలకసంఘము హైదరాబాదు సంఘముతో గలసెను. నగర మొక్కటి యగుట మేలే. కాని సందు మూసికొనగా వెసులుబాటును బోయెను. దాని స్థానమున బ్రజలకు హక్కులు రాలేదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతరము పాడిన విద్యార్థులు వెడలగొట్టబడినపుడు వారికి బ్రక్కవీథి దిక్కు కాలేదు. రాజ్యపు టెల్ల దాటి నాగపూరు విశ్వవిద్యాలయమున జేరవలసి వచ్చెను. వారిలో పి.వి. నరసింహారావుగా రొకరు. రెండు ప్రభుత్వముల నడుమ నెరవు దొరకిన స్వేచ్ఛ, అవి యొక్కటియైన నాడే పోవును.

అట్లయిన విద్యాలయమే వీథి నేలినచో బాగుండునా? ఇంగ్లండులోని కేంబ్రిడ్జి కథ వినుడు. విద్యార్థులతో దిరుగు దుర్వర్తనులని తాము అనుమానించిన స్త్రీలను నగరవీథులలో బట్టుకొను నధికారము విశ్వవిద్యాలయపు ప్రాక్టరులకు గలదు. విచారణయు విశ్వవిద్యాలయముదే, స్పిన్నింగ్ హౌస్ అను చెఱసాలయు దానిదే. 1891లో డెయిసీ హాప్కిన్స్ అను పదునేడేండ్ల యువతి కిట్లు శిక్ష విధింపగా పైన్యాయస్థానము దానిని గొట్టివేసెను. 1894లో పార్లమెంటు ఆ యధికారమునే తొలగించెను. విద్యార్థుల శీలరక్షణ యను నెపమున నగరపు బాలిక చెఱ కేగెను. విద్యార్థి కట్టి చెఱ లేదు. తన్ను విచారించువారిని బ్రశ్నించుటకు ఆమెకు దారియే లేకుండెను.

1949లో ఉస్మానియా మహిళా కళాశాల రెసిడెన్సీ భవనమున జేరెను. 2022లో నది విశ్వవిద్యాలయమై, పిమ్మట చాకలి ఐలమ్మ పేరు దాల్చెను. తన చేనిపై హక్కును దొర కొప్పగింపని స్త్రీ పేరు ఆ ద్వారముపై నుండుట మిక్కిలి యుచితము. ఆ గోడ వెలుపలి కోఠిలో పాతపుస్తకములమ్మువారు, బాటసారులు, బస్సుకై వేచియుండు బాలికలు గలరు. ఆ వీథి వీరందఱిది.

విద్యాలయము లోపల స్వతంత్రముగ నుండవలెను. పోలీసు యూరక తరగతిలో జొరరాదు. గోడ దాటినంతనే యధికారము, పౌరులెన్నుకొని మార్పగల నగరపాలకులది కావలెను. పంజగుట్టలోని నిమ్స్ 1989లో శాసనముచే విశ్వవిద్యాలయ ప్రతిపత్తి నందినది. దాని ద్వారముముందు రోగుల బంధువులు నిలుచు బాట మాత్రము అందఱిది. ఉస్మానియా ప్రాంగణములో నగరవాసులు గూడ నడచు బాటలవంటివానికి ఉభయపక్షములును గూర్చుండి బహిరంగముగ నియమము లేర్పఱచుకొనవలెను. ద్వారము మూయుటగాని, అంగడి తీయించుటగాని, బాధపడువారి మొఱ వినకయే జరుగరాదు. వీథి నూడ్చువా రెవరు, గాచువా రెవరు, తప్పు జరిగినచో జవాబు చెప్పవలసినవా రెవరు? ఈ మూడు ప్రశ్నలకు స్పష్టమైన సమాధానము లేని వీథిలో బలవంతుడే యధికారి యగును.