న్యూయార్కు శిఖరాగ్ర సభలో మన దేశం - 1992



చద్దరు కొనేవాడు ముందు దాని మీది పువ్వు చూస్తాడు. నేసినవాడు తిరగేసి వెనక పోగు చూస్తాడు. షోలాపూర్ దాజీపేటలో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. దేశాధినేతల సభలను మాత్రం మనం పువ్వు చూసే వదిలేస్తాం: ఎవరు ఎవరితో చేయి కలిపారు, ఎవరి ప్రసంగానికి చప్పట్లు కొట్టారు అని. 1992 జనవరి 31న జరిగిన ఒక సభను ఈ పూట తిరగేసి చూద్దాం.

ఐక్యరాజ్యసమితి భద్రతామండలి అంతకుముందెన్నడూ దేశాధినేతల స్థాయిలో సమావేశం కాలేదు. ఆ నెల అధ్యక్షత బ్రిటన్‌ది కనుక ఆ దేశ ప్రధాని జాన్ మేజర్ సభ నడిపారు. అమెరికా నుంచి బుష్, రష్యా నుంచి యెల్త్సిన్, చైనా నుంచి లీ పెంగ్ వచ్చారు. అప్పుడు రెండేళ్ల సభ్యత్వం మీద మండలిలో ఉన్న మన దేశం తరఫున కూర్చున్నది పి.వి. నరసింహారావు గారు.

దాజీపేట వాళ్లకు ఆయన పరాయివాడు కాదు. మీలో చాలామంది తాతముత్తాతలు మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వచ్చినవారే. ఆయన నాటి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగారు. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను తెలుగులోకి తెచ్చారు. మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుంచి రెండుసార్లు లోక్‌సభకు గెలిచారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ అన్న బతుకు ఆయనకూ తెలుసు.

ఏ స్థితిలో వెళ్లామో గుర్తుంచుకోవాలి. 1991లో విదేశీ మారకద్రవ్యం అడుగంటి బంగారం కుదువపెట్టాం. డిసెంబరులో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది. మండలిలో మనకు కొమ్ముకాసిన పాత స్నేహం అలా పోయింది. సభకు రెండు రోజుల ముందే ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్యసంబంధాలు ప్రకటించాం. ఇంట్లో గింజలు నిండుకున్న పెద్దమనిషి పెళ్లివారింటికి వెళ్లినట్టుంది మన పరిస్థితి.

అయినా పీవీ గారు తల వంచుకుని మాట్లాడలేదు. 1945లో 51 దేశాలున్న సమితి మూడింతలకు పైగా పెరిగింది, మండలి మాత్రం అలాగే ఉండటం కుదరదన్నారు. అణ్వాయుధాల నియమం ఏదైనా పెద్దకూ చిన్నకూ ఒకటిగా ఉండాలన్నారు. రెండూ గట్టి మాటలే.

ఇక వెనక పోగు. సభ చివర ఒక ప్రకటన వెలువడింది. దానికి ఓటింగు లేదు, పదిహేను మందీ ఒప్పుకుంటేనే వస్తుంది. సామూహిక విధ్వంసక ఆయుధాల వ్యాప్తి అంతర్జాతీయ శాంతికి ముప్పు అని అందులో ఒక వాక్యం ఉంది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చాలా దేశాలు చేరడం ముఖ్యమైన విషయమని మాత్రమే రాశారు. చేరని మనలాంటి వారిని చేరి తీరాలనలేదు. అంతవరకు మనకు ఊరటే.

కాని ఆ మొదటి వాక్యం ఊరుకోలేదు. 1998 మేలో మనం, వెనువెంటనే పాకిస్తాన్ అణుపరీక్షలు జరిపాం. జూన్ 6న మండలి 1172వ తీర్మానం చేసి రెండు దేశాలనూ ఖండించింది. ఆ తీర్మానం తొలి పంక్తుల్లోనే 1992 నాటి ప్రకటనను, సరిగ్గా ఆ వాక్యాన్నే ఎత్తిచూపారు. మనం సరేనన్న మాటతోనే మనల్ని పట్టుకున్నారు.

అప్పుడే అడ్డుచెప్పవలసిందా? అప్పుల్లో ఉండి పద్నాలుగు మందికి ఎదురు నిలవడం తేలిక కాదు. నా మట్టుకు నేను పీవీ గారిని ఆ వాక్యానికి తప్పుపట్టను. లోపం మరోచోట ఉంది. మండలి పెరగాలని అడిగిన దేశం, అందుకు కావలసిన ఓట్లను ముందునుంచీ కూడగట్టుకోలేదు. 1996లో తాత్కాలిక స్థానానికే జపాన్ మీద పోటీచేసి 142కు 40 ఓట్లతో ఓడిపోయాం. పీవీ గారు 2004 డిసెంబరులో కన్నుమూశారు. మళ్లీ మండలికి ఎన్నికైంది 2010 అక్టోబరులో. అప్పుడు మనకు 187 ఓట్లు పడ్డాయి.