ఒకే ఫైలు, రెండు పేర్లు: పెద్ద, చిన్న అక్షరాల తేడా – ఒక చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• పెద్ద, చిన్న అక్షరాల తేడా కంప్యూటర్లలోకి ఎలా వచ్చిందో వివరించగలుగుతారు.
• కవరేజి నివేదికలో ఒకే ఫైలు రెండుసార్లు ఎందుకు కనిపిస్తుందో, దాన్ని ఎలా సరిచేయాలో చెప్పగలుగుతారు.

1. ప్రవేశిక

మేడ్చల్‌లోని ఒక విద్యార్థి విండోస్ మీద, శామీర్‌పేటలోని సహాధ్యాయి లైనక్స్ మీద కలిసి ఒక ప్రోగ్రాము రాస్తున్నారనుకుందాం. చెరువు నీటిమట్టాన్ని లెక్కించే ఫైలుకు శామీర్‌పేట పేరే పెట్టారు. ఒకరు ఆ పేరును ఇంగ్లిషులో పెద్ద ఎస్‌తో, మరొకరు చిన్న ఎస్‌తో టైపు చేశారు. చదివేవారికి రెండూ ఒకటే. పరీక్షల నివేదికలో మాత్రం రెండు ఫైళ్ళు కనిపించాయి. తెలుగు లిపిలో ఇలాంటి తేడా లేదు. బడిలో పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు దిద్దినప్పుడే అది మనకు మొదట ఎదురవుతుంది.

2. అచ్చు అరల నుంచి సంకేతాల పట్టికకు

యూరపు ముద్రణాలయాల్లో పెద్ద అక్షరాల అచ్చులను పై అరలో, చిన్నవాటిని కింది అరలో ఉంచేవారు. ఇంగ్లిషులో ఈ అక్షరాలకు ఉన్న అప్పర్ కేస్, లోయర్ కేస్ అనే పేర్లు అలా వచ్చినవే. 1963 నాటి ఆస్కీ సంకేతాల పట్టికలో చిన్న అక్షరాలు లేవు. 1967 సవరణలో చేరాయి. పెద్ద ఏ సంఖ్య 65, చిన్న ఏ సంఖ్య 97. మనిషికి ఒకే అక్షరమైనా యంత్రానికి రెండు సంఖ్యలు. తగవుకు మూలం ఇక్కడే ఉంది.

3. మూడు పద్ధతులు

1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్, ఫైలు పేరును సంకేతాల వరుసగానే చూసింది. ఒక్క సంకేతం మారినా అది వేరే ఫైలే. 1991లో వచ్చిన లైనక్స్ ఇదే దారి పట్టింది. 1981 నాటి ఎంఎస్-డాస్ పేర్లన్నిటినీ పెద్ద అక్షరాల్లోకి మార్చి దాచింది. 1984లో మెకింటాష్, 1993లో విండోస్ ఎన్‌టీ మధ్యేమార్గం ఎంచుకున్నాయి: టైపు చేసిన రూపాన్ని అలాగే దాచుతాయి, వెతికేటప్పుడు మాత్రం తేడా పట్టించుకోవు. ఒక్కో పద్ధతి దాని చోట సబబైనదే. ఒకే ప్రోగ్రాము ఈ వ్యవస్థల మధ్య తిరగడం మొదలయ్యాకే చిక్కు బయటపడింది.

4. నివేదికలో జంట పేర్లు

పరీక్షలు ప్రోగ్రాములోని ఏ భాగాలను నడిపాయో కొలవాలన్న ఆలోచన 1963లో మిల్లర్, మలోనీ రాసిన వ్యాసంలోనే ఉంది. నేటి కవరేజి సాధనాలు ఫైలు పేరు కింద, నడిచిన వరుసలను నమోదు చేస్తాయి. విండోస్ రెండు రూపాలకూ ఒకే ఫైలును తెరుస్తుంది. కానీ పేర్లను అక్షరం అక్షరం పోల్చే సాధనం వాటిని రెండుగా లెక్కిస్తుంది.

ఉదాహరణ: ఫైలులో 100 వరుసలున్నాయి. మొదటి పరీక్ష 1–60 వరుసలను, రెండవది 41–90 వరుసలను నడిపింది. కలిపి చూస్తే 90 శాతం. పేరు రెండుగా చీలితే 200 వరుసల్లో 110, అంటే 55 శాతమే. కనీసం 80 శాతం కావాలన్న నియమం ఉన్నచోట సరైన పని కూడా తిరస్కరణకు గురవుతుంది. అంతకన్నా ప్రమాదం మరొకటుంది: అంకెలను నమ్మడం మానేసిన బృందం, నిజంగా పరీక్షించని భాగాన్ని కూడా వదిలేస్తుంది.

5. కారణాన్ని వెతికే క్రమం

(అ) నివేదికలోని పేర్లన్నిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చి, ఏవి కలిసిపోతున్నాయో చూడండి.
(ఆ) డిస్కులో నిజంగా ఉన్నది ఒక ఫైలా, రెండా అని నిర్ధారించుకోండి. లైనక్స్‌లో రెండు ఉండవచ్చు.
(ఇ) తేడా పుట్టిన చోటు పట్టుకోండి: నిర్మాణ స్క్రిప్టులో టైపు చేసిన దారి, డ్రైవు అక్షరం, లేదా గిట్‌లో మిగిలిన పాత పేరు. విండోస్‌లో అక్షర పరిమాణం మాత్రమే మార్చితే గిట్ సాధారణంగా గుర్తించదు. గిట్ ఆదేశంతోనే పేరు మార్చాలి.
(ఈ) మూలంలో సరిచేసి, పాత కవరేజి సమాచారం తుడిచి, పరీక్షలు మళ్ళీ నడపండి.

నివేదికలో పేర్లన్నిటినీ గుడ్డిగా కలిపేయడం పరిష్కారం కాదు. లైనక్స్‌లో అవి నిజంగా వేర్వేరు ఫైళ్ళు కావచ్చు.

6. తెలుగు పేర్ల మాటేమిటి?

పెద్ద, చిన్న అక్షరాలు లేనంత మాత్రాన తెలుగుకు ఈ బెడద తప్పలేదు. శామీర్‌పేట, షామీర్‌పేట అని రెండు విధాలా రాస్తున్నాం. పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపే కంటికి కనిపించని సంకేతం ఒకరు పెట్టి, మరొకరు వదిలేస్తే యంత్రానికి అవి వేరు పేర్లు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జంటగానూ రాయవచ్చు. జాబితాలో ఒకే ఊరు రెండుసార్లు కనిపించడానికి ఇవి చాలు.

సారాంశం

పేరు ఒకటేనా కాదా అన్నది యంత్రానికి తనంతట తానుగా తెలియదు. ఆ నిర్ణయం ఎప్పుడో ఒకప్పుడు మనుషులు చేసిందే. ఏ వ్యవస్థలో ఏ నిర్ణయం జరిగిందో తెలిసినవారు జంట పేర్ల మూలాన్ని త్వరగా పట్టుకోగలరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. యూనిక్స్, ఎంఎస్-డాస్, విండోస్ ఎన్‌టీ ఫైలు పేర్ల పద్ధతులను పోల్చండి.
2. పై ఉదాహరణలో 90 శాతం 55 శాతంగా ఎందుకు కనిపించింది?