సరకు రవాణా ప్రణాళిక: చింతామణి ప్రాంతం

ఏ సరకు ఎక్కడ పుట్టి, ఏ దారిన, ఏ వాహనంలో, ఎంతసేపట్లో సంతకు చేరుతుందో రాష్ట్రం మొత్తాన్నీ ఒక్క పటంగా చూసి నిర్ణయించడమే సరకు రవాణా ప్రణాళిక. భారతదేశంలో ఈ పనికి 2021 అక్టోబరులో ప్రారంభమైన పీఎం గతిశక్తి, 2022 సెప్టెంబరులో వెలువడిన జాతీయ లాజిస్టిక్స్ విధానం ఆధారాలు.

కర్ణాటకలో చిక్కబళ్ళాపురం జిల్లా చింతామణి తాలూకాలోని బట్లహళ్ళి వంటి తెలుగు పల్లెలకు ఇది టమాటా సమస్య. కోసిన కాయ ఆగదు. దూరాన్ని కిలోమీటర్లలో కంటే గంటల్లో కొలవాలి. పైగా ఆంధ్ర సరిహద్దు దగ్గరే. చింతామణి, కోలారు సంతలతోపాటు అవతలి మదనపల్లె సంత కూడా అందుబాటులో ఉంటుంది. సరకు ధర ఉన్నవైపు వెళ్తుంది, రాష్ట్ర ప్రణాళికలు మాత్రం తరచుగా సరిహద్దు దగ్గరే ఆగిపోతాయి.

దారుల సంగతికొస్తే, ఇదే జిల్లాలోని బాగేపల్లి మీదుగా బెంగళూరు–హైదరాబాదు 44వ జాతీయ రహదారి పోతుంది. చింతామణికి రైలుంది: పాత నారోగేజి మార్గం బ్రాడ్‌గేజిగా మారి, 2013లో కోలారు–చిక్కబళ్ళాపురం మధ్య రాకపోకలు మొదలయ్యాయి. అయినా కూరగాయలు ఎక్కువగా లారీల్లోనే పోతాయి. రైలుకు ఒకేచోట పెద్ద మొత్తంలో సరకు కావాలి. చిన్న రైతు దగ్గర ఉండేది కొన్ని పెట్టెలే. వాటిని పోగుచేసే కేంద్రం, శీతల గిడ్డంగి, తిరుగు ప్రయాణంలో లారీకి ఎరువులో సిమెంటో దొరికే ఏర్పాటు ఉంటే కిరాయి తగ్గుతుంది.